నూట నలుగురూ వచ్చారు

మొగలిలంక,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

నా బంగారుతల్లి జాయ్సీకి,

మీ నాన్న ప్రెసిడెంటు అయ్యాడమ్మా! క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను. ముందు ఈ మాట రాయకపోతే చెయ్యి ఆగేలా లేదు. నిన్న మన చేపల చెరువు సొసైటీకి ఎన్నిక జరిగింది. నాకు అరవై ఒకటి, మీ నెల్సన్ మావయ్యకు నలభై మూడు. పద్దెనిమిది ఓట్ల మెజారిటీ! మీ అమ్మకి స్వయానా అన్నగారు, పదిహేనేళ్లుగా ఆ కుర్చీ వదలని మనిషి. అలాంటాయన్ని డెబ్బై ఒక్కేళ్ల వయసులో, చెవులు సరిగ్గా వినపడని నేను ఓడించానంటే అది దేవుడి కృప కాక ఇంకేమిటి?

జరిగిన తీరు చెప్తాను. చర్చి పక్క పాకలో బల్ల వేశారు. సొసైటీ గుమాస్తా వెంకట్రాజు రిజిస్టరు తెరిచి ఒక్కో సభ్యుడి పేరూ పిలవడం, పిలిచినవాళ్లు "ఉన్నానండీ" అని లేచి చీటీ తీసుకోవడం, గీత పెట్టి డబ్బాలో వెయ్యడం. నాది పడవ గుర్తు, మావయ్యది గొడుగు. నేను ముందు వరసలో కూర్చున్నాను గానీ వెనక ఎవరు పలుకుతున్నారో నాకేం వినపడలేదు. వెంకట్రాజు టిక్కులు పెట్టడం మాత్రం కళ్లారా చూశాను. రిజిస్టర్లో నూట నాలుగు పేర్లు. డబ్బాలో నూట నాలుగు చీటీలు! ఒక్కటి తగ్గలేదు. అసెంబ్లీ ఎన్నికలకి కూడా ఇలా రారు కదమ్మా జనం! సొసైటీ అంటే మనవాళ్లకి అంత ప్రేమ.

నా మెళ్లో బంతిపూల దండ వేశారు. ఇంటికొచ్చి మంచం మీద పెట్టి కాళ్లు కడుక్కునేలోపు మేక సగం తినేసింది. మిగతా సగం మేకుకి తగిలించాను.

ఇంకో సంతోషం ఉంది. నీ పరిశోధన పుస్తకంలో ఒక అధ్యాయానికి 'లాజర్లు' అని పేరు పెట్టావని అమ్మకి ఫోన్‌లో చెప్పావంట! ఏడో తరగతి దాటని నా పేరు ఢిల్లీలో పుస్తకం ఎక్కుతోందా తల్లీ? ఆగలేకపోయాను. ఎన్నికల ముందు ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి అందరికీ చెప్పేశాను. చప్పట్లు కొట్టారు. నా ఓట్లలో సగం దానివల్లే పడ్డాయని మీ అమ్మ సువర్ణ నన్ను ఎగతాళి చేస్తోంది. చెయ్యనీ.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నీ గొంతు సీసాలో పడ్డ తూనీగలా వినపడుతుంది. ఉత్తరం రాయి, పదిసార్లు చదువుకుంటాను.

సంతోషం పట్టలేని మీ నాన్న,
లాజరు
(సొసైటీ ప్రెసిడెంటు)


న్యూఢిల్లీ,
17 ఫిబ్రవరి 2025.

ప్రియమైన నాన్నకు,

మీ ఉత్తరం రాగానే హాస్టల్లో మా అంతస్తు మొత్తానికి మిఠాయి పంచాను. మేక సంగతి చెప్తుంటే అందరం పడీపడీ నవ్వాం.

ఒక మాట చెప్పాలి, కోప్పడకండి. ఆ అధ్యాయం పేరు మీ పేరు కాదు నాన్నా. అమ్మకి సరిగ్గా చెప్పలేకపోయాను.

నేను చదువుతున్నది స్పెయిన్ దేశంలో నూట యాభై ఏళ్ల కిందట జరిగిన పార్లమెంటు ఎన్నికల గురించి. వాళ్ల రాణిని వెళ్లగొట్టాక రాజు కోసం దేశాలు వెతికి, ఇటలీ రాజుగారి రెండో కొడుకు అమెదియోని పిలుచుకొచ్చారు. ఆయన రాజధాని చేరేలోపే, ఆయన్ని తెచ్చిన పెద్దమనిషిని కాల్చి చంపేశారు. ఈయన రెండేళ్లు దాటీ దాటకుండానే రాజ్యం వదిలి వెళ్లిపోయాడు. ఆ రెండేళ్లలో మూడుసార్లు ఎన్నికలు. ఇరవై అయిదేళ్లు నిండిన మగవాళ్లందరికీ ఓటు ఉండేది. కానీ ఎన్నిక జరిపించేవాళ్లే గెలిచేవాళ్లు. జాబితాలో పేరు ఉండి మనిషి చనిపోయి ఉంటే, ఆ పేరు మీద వేరేవాళ్లు ఓటు వేసేవాళ్లు. సమాధిలోంచి లేచొచ్చి వేశాడని వేళాకోళంగా అలాంటి ఓటుని అక్కడ 'లాజరు' అనేవారు. 1872లో అలాంటి ఓట్ల మీద వచ్చిన ఫిర్యాదులే నా అధ్యాయం.

మీ పేరుకి ఇలాంటి అర్థం చెప్పడానికి నాకు నోరు రాలేదు, అందుకే ఇన్నాళ్లూ దాటేశాను.

నూట నాలుగుకి నూట నాలుగు అని మీరు సంబరంగా రాసిన చోట నేను ఆగిపోయాను. ఇలాంటి లెక్కలు చదివే పనే రోజూ నాది. నాన్నా, రత్నం పెదనాన్న నేను టెన్త్ చదువుతున్న ఏడు పోయారు కదా. ఆయన పేరు రిజిస్టర్లో తీసేశారా? తీసెయ్యకపోతే మొన్న పిలిచారా? ఎవరు పలికారు?

అమ్మని అడిగానని చెప్పండి.

మీ
జాయ్సీ


మొగలిలంక,
24 ఫిబ్రవరి 2025.

జాయ్సీకి,

నీ ఉత్తరం అందింది. రెండు రోజులు అన్నం సయించలేదు. లాజరు అంటే యేసుప్రభువు పేరు పెట్టి పిలిచి లేపిన మనిషి. మా అమ్మ ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకుని, నేను బతికితే చాలని పెట్టుకున్న పేరు. ఆ స్పెయిన్ వాళ్లకి వేరే పేరే దొరకలేదా?

నీకు ఎవరు రాశారు? నిజం చెప్పు. మొన్న శనివారం పాల కేంద్రం దగ్గర నెల్సన్ బావ నన్ను చూసి, "ఏం బావా, నువ్వు ఒక్క లాజరువేనా, ఇంకా ఉన్నారా?" అని నవ్వాడు. నీ కవరు నా చేతికి అందింది శుక్రవారం. ఒక్క రోజులో ఆయనకెలా తెలిసింది? కవరు అతుకు దగ్గర కొంచెం నలిగి ఉంది. దారిలో ఎవరన్నా విప్పారేమో. లేకపోతే ఆయనే ముందు నీకు ఫోన్ చేసి, నీ చేత ఇవన్నీ నాకు రాయించాడేమో. ఆయన తరఫున నా కూతురు నన్ను ప్రశ్నలడిగే రోజు వచ్చిందా?

అడిగావు కాబట్టి చెప్తున్నాను. రత్నం అన్నయ్య పేరు పిలిచారు. ఎప్పుడూ పిలుస్తారు. మార్తమ్మ వదిన లేచి "ఉన్నారండీ" అంటుంది. పన్నెండేళ్లుగా అంతే. అది దొంగతనం కాదు. సభ్యుడు పోతే వారసుడి పేరు అందరూ కూర్చుని ఒప్పుకోవాలని రూలు. ఎవరన్నా అడ్డం పడితే వాటా సొసైటీకి పోతుంది, ఆ ఇంటికి చేపలో భాగం ఉండదు. ఆ భయంతో ఎవరూ పేరు కదపరు. మనిషి పోయినా రిజిస్టర్లో ఉంటాడు. ఊళ్లో అందరికీ తెలిసిందే. దీనికి ఢిల్లీ నుంచి ఒక పేరు తగిలించాలా?

ఆ ఇటలీ కుర్రాణ్ణి తల్చుకుంటే మాత్రం జాలేసింది. తెలియని దేశం, తెలియని భాష, తెచ్చినవాణ్ణి చంపేశారు. పాపం. ఇంతకీ ఆ రాజుకి ఈ దొంగ ఓట్ల సంగతి తెలుసా?

మీ నాన్న,
లాజరు


న్యూఢిల్లీ,
3 మార్చి 2025.

నాన్నా,

నాకు ఎవరూ రాయలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. మీ ఉత్తరమే నాకు చెప్పింది. మావయ్యకి ఎలా తెలిసిందో అమ్మని అడగండి. మీకు ఆ జవాబు రాసే ముందురోజు అమ్మకి మళ్లీ ఫోన్ చేసి ఈ లాజర్ల కథ వివరంగా చెప్పాను. అమ్మ ఆయనకి చెల్లెలు కూడా.

మార్తమ్మ పెద్దమ్మ పలకడం తప్పని నేను అనను. ఆ ఇంటి భయం నాకు తెలుసు. కానీ అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయి? పద్దెనిమిది కంటే ఎక్కువా, తక్కువా? ఇది మీరు లెక్కపెట్టారా? నేను చదివిన కాగితాల్లో ఓడినవాళ్లే లెక్కపెట్టారు. గెలిచినవాళ్లు ఒక్కరూ లెక్కపెట్టలేదు.

ఆ రాజుకి తెలుసా అని అడిగారు. మా గైడు మేడమ్ నన్ను మొదటిరోజు అడిగిన ప్రశ్న అదే. నాకు కాగితాల్లో దొరకలేదు నాన్నా. ఏమీ తెలియని అమాయకుడని కొందరంటారు, తెలిసీ ఊరుకున్నాడని కొందరంటారు. ఆయన్ని అడుగుదామంటే లేడు.

మీరున్నారు కాబట్టి అడుగుతున్నాను. మీరు చేయించారా?

జాయ్సీ


మొగలిలంక,
16 మార్చి 2025, ఆదివారం.

చిరంజీవి జాయ్సీకి,

కన్నకూతురు ఇలాంటి ప్రశ్న అడిగాక వెంటనే రాస్తే పరుషంగా వస్తుందని పది రోజులు ఆగాను. నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు రాయను. నేను కాదంటే నువ్వు నమ్ముతావన్న ధైర్యం నాకు లేదు.

ముందు మీ అమ్మ సంగతి. అడిగాను. "మా అన్నయ్యతో మాట్లాడటానికి కూడా మీ పర్మిషన్ కావాలాండీ, ప్రెసిడెంటుగారూ?" అంది. కవరు ఎవరూ విప్పలేదు, అది దారిలో నలిగిందంతే. పోనీలే.

లెక్కపెట్టమన్నావు కదా, పెట్టాను. గెలిచినందుకు పంచుతున్నానని చెప్పి రెండు చక్రకేళీ గెలలు సైకిల్‌కి కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. రిజిస్టర్లో ఉండి, లోకంలో లేనివాళ్లు ఇరవై ముగ్గురు తేలారు. నా మెజారిటీ పద్దెనిమిది.

తమాషా ఏమిటంటే ఆ ఇళ్లల్లో చాలామంది, "మా నాన్న ఓటు నీకే బాబాయ్," "మా ఆయన ఓటు పడవకే," అని అరటిపండు అందుకున్నారు. అవే ఇళ్లకి నెల్సన్ బావ ఓదార్పు కోసం వెళ్తే, గొడుగుకే వేశామని ఆయనకీ చెప్పారంట! అప్పట్నించి ఎవరు నవ్వుతూ పలకరించినా, వీడు అబద్ధం ఆడుతున్నాడా అని మొహంలోకి చూస్తున్నాను. గెలిచిన మనిషిని ఇలా బతకాల్సి వచ్చింది.

అబద్ధం ఆడని మనిషి మార్తమ్మ వదిన ఒక్కతే. పండు ఇవ్వబోతే చేత్తో తోసేసింది.

"నాకొద్దు మరిదీ. నేను నీకు వెయ్యలేదు."

"అదేంటి వదినా, నేనంటే కోపమా?"

"కోపమెందుకు? మీ అన్నయ్యకీ నెల్సన్‌కీ స్నేహం. ఉండుంటే ఆయన నెల్సన్‌కే వేసేవాడు. ఆయన ఓటు కదా, ఆయన వేసేవాళ్లకే వేశాను."

"మరి నీ ఓటయితే?"

"నాకెక్కడుంది ఓటు?" అంది. "ఉంటే నీకే వేద్దును. చెరువు గట్టు తెగిన ఏడు నువ్వొక్కడివే పారతో వచ్చావు."

జాయ్సీ, తన ఇష్టప్రకారం ఒక్కసారి కూడా ఓటు వెయ్యలేకపోయిన మనిషి, చచ్చిపోయిన మొగుడికి నమ్మకంగా నన్ను ఓడించడానికి చీటీ వేసి వచ్చింది. దీన్ని మీ స్పెయిన్‌లో ఏమంటారు?

అయితే అన్నీ అలాంటివి కావు. దానియేలు గుర్తున్నాడా, నీకు తామరకాయలు తెచ్చిపెట్టేవాడు, కరోనాలో పోయాడు? వాళ్లబ్బాయి తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పని చేస్తాడు. గణపవరం మీదుగా బస్సెక్కి వెళ్లాను. బస్తాల మధ్య నిలబెట్టి అడిగితే ఆ అబ్బాయి తెల్లబోయాడు. "నేను రానేలేదు బాబాయ్. మా నాన్న ఓటు ఎవరేశారు?" అన్నాడు. అతనొక్కడే కాదు. ఆ ఇరవై ముగ్గురిలోనే ఇంకో ముగ్గురి కుటుంబాలు ఏలూరులో ఉంటున్నాయి, వాళ్లు కూడా ఆరోజు రాలేదు. ఆ నాలుగు పేర్లకీ రిజిస్టర్లో టిక్కులున్నాయి.

వెంకట్రాజుని పట్టుకున్నాను. "వెనక నుంచి ఉన్నాం ఉన్నాం అన్నారండీ, నేను టిక్కు పెట్టేశానండీ. అందరి మొహాలూ చూస్తూ కూర్చుంటే పొద్దు గుంకిపోద్ది కదండీ," అన్నాడు. ఎవరి గొంతని అడిగితే "ఏమోనండీ," అని రిజిస్టరు మూసేశాడు. వీడు నావాళ్ల కోసం చేశాడా, బావ కోసం చేశాడా, ఊరికే బద్ధకమా? వాడి మొహం చూస్తే ఏమీ తెలియదు. నా చెవులు పని చేసి ఉంటే ఆ గొంతు పట్టుకునేవాణ్ణి.

ఆలోచించి ఒకటి తేల్చుకున్నాను. ఇరవై మూడు పేర్లూ ఒకే తీర్మానంలో కొట్టేసి, అదే తీర్మానంలో వారసుల పేర్లు రాయిస్తాను. ఎవరి వాటా పోదు. ఆ తర్వాత నేను దిగిపోతాను, మళ్లీ ఎన్నిక పెట్టిస్తాను. ఏలూరు ఆఫీసుకి వెళ్లి రూలు కనుక్కున్నాను, కుదురుతుందన్నారు.

మీ అమ్మ రెండు రోజుల్నించి నాతో మాట్లాడటం లేదు.

లాజరు


న్యూఢిల్లీ,
24 మార్చి 2025.

నాన్నా,

నిన్న నెల్సన్ మావయ్య ఫోన్ చేశారు. ఇది మొదటిసారి, ముందే చెప్తున్నాను, కవరు నలిగినా అనుమానపడకండి. "మీ నాన్న మహా తెలివైనోడమ్మా. చచ్చినోళ్లని తీసేసే వంకతో తనకి కావలసినోళ్లని రిజిస్టరు ఎక్కిస్తున్నాడు. ఈసారి వంద తెచ్చుకుంటాడు చూడు," అన్నారు.

ఆ మాట నేను నమ్మలేదని రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. 1872లో కూడా ఏప్రిల్‌లో జరిగిన ఎన్నిక చాలక, పార్లమెంటుని రద్దు చేసి ఆగస్టులో మళ్లీ పెట్టారు. రెండోసారి జరిపించింది వేరేవాళ్లు. గెలిచింది ఆ వేరేవాళ్లే. అందుకని మళ్లీ పెట్టినంత మాత్రాన నాకు ఏదీ రుజువు కాదు. అలా చదివీ చదివీ ఇలా తయారయ్యాను.

కొత్త పేర్లు ఎవరు ఎంపిక చేస్తున్నారు? మీరా, మీరూ మావయ్యా కలిసా?

జాయ్సీ


మొగలిలంక,
14 ఏప్రిల్ 2025, సోమవారం.

అమ్మా జాయ్సీ,

నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ పనికొచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిన్నగా నెల్సన్ బావ ఇంటికెళ్లాను. "పేర్లు నువ్వు రాయి బావా, నేను చూస్తాను," అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను కిందనుంచి మీదదాకా చూశాడు.

"ఏంటి నీ ఎత్తు?"

"ఎత్తేం లేదు."

"ఎత్తు లేకుండా గెలిచినోడు దిగుతాడా? సువర్ణ ఏమన్నా అందా? ఏమన్నా జబ్బా నీకు?"

"చెవుడు ఒక్కటే," అన్నాను.

వారం రోజులు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని, ఒకర్నొకరు అనుమానంగా చూసుకుంటూ ఇరవై మూడు ఇళ్లూ తేల్చాం. ఇరవై ఒక్క ఇళ్లల్లో భార్యలో పిల్లలో కుదిరారు. రెండిళ్లల్లో అన్నదమ్ములు కొట్టుకుంటే ఆ రెండూ ఆపాం. మార్తమ్మ వదిన దగ్గరే కష్టమైంది. "మీ అన్నయ్య పేరు కొట్టేస్తావా? మూడేళ్లకోసారైనా ఆ పేరు నలుగురిలో పిలుస్తున్నారు, నేను పలుకుతున్నాను. అది కూడా లేకుండా చేస్తావా?" అని అడిగింది. నెల్సన్ బావే కల్పించుకుని, "ఆడికి స్నేహితుణ్ణి నేను. ఆడి పేరు కొడితే ముందు నాకు నొప్పి. కానీ నీ పేరు లేకపోతే రేపు నిన్ను ఎవరన్నా గెంటేస్తారే మార్తమ్మా," అన్నాడు. అప్పుడు వేలిముద్ర వేసింది.

తీర్మానానికి అందరూ కూర్చుని ఒప్పుకున్నాక, మొన్న శనివారం, మట్టల ఆదివారానికి ముందురోజు ఎన్నిక పెట్టాం. ఈసారి వెంకట్రాజుని చదవడం వరకే ఉంచాం. పలికినవాళ్లు బల్ల దగ్గరికి వచ్చి మొహం చూపించాలి, నేనూ బావా ఇద్దరం ఔనంటేనే చీటీ. "మార్తమ్మ!" అని పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాడు. వదిన పక్కనున్నవాళ్లని చూస్తోంది, ఎవరినా అని. ఆ రిజిస్టర్లోంచి తన పేరు ఎప్పుడూ వినలేదు కదా. పక్కావిడ పొడిస్తే, "నేనా? ఉన్నానండీ," అని లేచింది. చీటీ పట్టుకుని మూలకెళ్లి చాలాసేపు నిలబడింది. బయటికొచ్చాక, "పడవకేనా వదినా?" అని ఆశగా అడిగాను. "నా ఓటు నాది. చెప్పను పో," అంది!

మొత్తం నూట రెండు, ఈసారి తాడేపల్లిగూడెం, ఏలూరు వాళ్లు కూడా వచ్చారు. బావకు యాభై మూడు. నాకు నలభై తొమ్మిది.

ఓడిపోయానమ్మా. ముందుసారి ఎవరు గెలిచారో ఇప్పటికీ తెలియదు. ఆ నాలుగు గొంతులూ ఎవరివో కూడా తెలియదు, ఇక తెలియదు. మీ అమ్మ కోడిని కోసింది, అన్నగారు గెలిచినందుకో నేను తగ్గినందుకో అడగలేదు. నేను మాత్రం రెండు ముక్కలు ఎక్కువే తిన్నాను. నిజం చెప్తున్నాను, ఎంత తేలిగ్గా ఉందో! ఎవరన్నా నవ్వితే తిరిగి నవ్వుతున్నాను. ఇరవై ఒక్క మంది పేర్లు కొత్తగా ఎక్కాయి, అందులో పద్నాలుగు ఆడవాళ్లవి. నా రెండు నెలల ప్రెసిడెంటు ఉద్యోగంలో అంత పని చేశాను, ఆ ఇటలీ రాజు రెండేళ్లలో చేశాడో లేదో నువ్వే చూసి రాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. నేను చేయించలేదు. చచ్చినవాళ్ల పేర్లు పిలుస్తారని తెలుసు, అవి ఎన్నో నాకు పట్టలేదు, గెలిచిన సంబరంలో అసలే పట్టలేదు. నా తప్పు అంతవరకే.

నాదీ ఒక ప్రశ్న ఉంది. ఈసారి కూడా నేనే గెలిచి ఉంటే, ఈ జవాబు నమ్మేదానివా? నాకు సంతోషంగా ఉండాలని తియ్యగా రాయకు. ఉన్నది రాయి.

నీ నాన్న,
లాజరు


న్యూఢిల్లీ,
24 ఏప్రిల్ 2025.

నాన్నా,

నమ్మేదాన్ని కాదు.

ఈ రెండు మాటలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మీరు గెలిచి ఉంటే, మావయ్యని పక్కన కూర్చోబెట్టుకోవడం కూడా ఒక ఎత్తేనని అనుకునేదాన్ని. నాలుగేళ్లుగా ఓడినవాళ్ల కాగితాలే చదువుతున్నాను, వాళ్ల మాటే నిజమని అలవాటైపోయింది. కన్నతండ్రి గెలిచినా నాకు గెలిచినవాడే కనిపించాడు. మీరు ఓడిపోయి వస్తే తప్ప మీ ఉత్తరం చదవడం నాకు చేతకాలేదు.

మీరు చేయించలేదు. నాకు తెలుసు. ఫిబ్రవరిలోనే తెలిసి ఉండాల్సింది.

తిట్టండి నాన్నా. ఎన్ని పేజీలైనా పర్వాలేదు.

మీ
జాయ్సీ